రెట్రోఆర్చ్‌లో బటన్లు తారుమారైతే: కంట్రోలర్ ప్రొఫైళ్లను సరిచేసుకునే సమగ్ర మార్గదర్శి

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు కొత్త యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఒకటి పట్టుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌లో రెట్రోఆర్చ్ (పాత వీడియో గేమ్ యంత్రాల, అంటే కన్సోళ్ల, గేములను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) తెరిచి కాంట్రా పెట్టాం. ఎగరమంటే తుపాకీ పేలుతోంది, కాల్చమంటే గేమ్ ఆగిపోతోంది. "మావయ్యా, ఇది డిఫెక్టివ్ పీస్, వాపస్ ఇచ్చేద్దాం" అన్నాడు వాడు. "ఉండరా, రెండు నిమిషాల పని" అని నేను కూర్చున్నాను. కాంట్రాలో బటన్లు మార్చి సేవ్ చేశాను, బాగైంది. మారియో పెడితే మళ్లీ అదే గోల. అక్కడా మార్చాను. కాసేపటికి అసలు లోపం వేరే చోట ఉందని తెలిసి దాన్ని సరిచేస్తే, అంతకుముందు బాగుచేసిన రెండు గేములూ తలకిందులయ్యాయి. రెండు నిమిషాల పనికి రెండు పూటలు పట్టింది.

రెట్రోఆర్చ్‌లో బటన్ మ్యాపింగ్ ఒకే చోట ఉండదు. లోపం ఏ అంచెలో ఉందో తెలుసుకోకుండా కనిపించిన మెనూలోకల్లా వెళ్లి మారిస్తే నాకు పట్టిన గతే పడుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో సగం లోపాన్ని పట్టుకోవడం గురించే. దొరికాక సరిచేయడం నిజంగానే రెండు నిమిషాల పని.

నొక్కిన బటన్ గేమ్‌దాకా ఎలా వెళ్తుంది

ప్యాడ్ మీద బటన్ నొక్కితే కంప్యూటర్‌కు తెలిసేది "2వ నంబర్ బటన్ నొక్కారు" అన్నంత వరకే. దాని మీద ఏ అని రాసి ఉందా, త్రిభుజం గుర్తు ఉందా అన్నది దానికి తెలియదు. ఆ నంబర్‌ను రెట్రోఆర్చ్ తన సొంత ఊహా ప్యాడ్‌లోని బటన్‌గా మార్చుకుంటుంది. ఆ ఊహా ప్యాడ్ పేరు రెట్రోప్యాడ్. ఏ నంబర్ ఏ బటన్ అవుతుందో రాసి ఉన్న ఫైలే కంట్రోలర్ ప్రొఫైల్. ఆటోకాన్ఫిగ్ అని కూడా అంటారు. తర్వాత కోర్, అంటే ఆ కన్సోల్‌ను అనుకరించే ఎమ్యులేటర్ భాగం, రెట్రోప్యాడ్ బటన్‌ను కన్సోల్ బటన్‌గా అర్థం చేసుకుంటుంది. ఈ రెండో మార్పిడిని మనకు నచ్చినట్టు తిప్పుకోవడమే రీమ్యాప్.

డాల్ఫిన్, పీసీఎస్ఎక్స్2 లాంటి విడి ఎమ్యులేటర్లలో మధ్యలో ఈ అంచె ఉండదు. ప్యాడ్ బటన్‌ను నేరుగా కన్సోల్ బటన్‌కు కట్టేస్తారు. అక్కడినుంచి రెట్రోఆర్చ్‌కు వచ్చినవాళ్లు తికమకపడేది అందుకే.

ఇంకో ముఖ్యమైన సంగతి. రెట్రోప్యాడ్ అమరిక సూపర్ నింటెండో ప్యాడ్ అమరిక: కింద బీ, కుడివైపు ఏ, ఎడమవైపు వై, పైన ఎక్స్. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో కింద ఉన్నది ఏ, కుడివైపున్నది బీ. అంటే చేతిలోని ఎక్స్‌బాక్స్ ప్యాడ్ మీద ఏ అని రాసి ఉన్న బటన్, రెట్రోఆర్చ్ లెక్కలో బీ. ఇది లోపం కాదు. బటన్లు సెట్ చేసేటప్పుడు "బీ నొక్కండి" అని తెర మీద కనిపిస్తే అక్షరం చూసి నొక్కకండి, స్థానం చూసి నొక్కండి. కింద ఉన్న బటనే బీ. ఏ-బీ, ఎక్స్-వై తారుమారయ్యాయి అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

మొదటి మెట్టు: రెట్రోఆర్చ్ మూసేసి ప్యాడ్‌ను పరీక్షించండి

విండోస్‌లో అయితే రన్ బాక్సులో "జాయ్ డాట్ సీపీఎల్" కమాండ్ ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ప్యాడ్ పేరు కనిపిస్తుంది, ప్రాపర్టీస్ నొక్కితే టెస్ట్ పేజీ వస్తుంది. లినక్స్‌లో ఈవీటెస్ట్ గానీ జేఎస్‌టెస్ట్-జీటీకే గానీ వాడండి. ఒక్కో బటన్ నొక్కి చూడండి. ఒక బటన్‌కు ఒక లైటే వెలగాలి. రెండు వెలిగినా, స్టిక్ వదిలేసినా గుర్తు మధ్యలోకి రాకపోయినా అది ప్యాడ్ లోపం. ప్రొఫైల్ ఎంత మార్చినా లాభం లేదు.

ఇక్కడే ఇంకో పని కూడా చూసుకోండి. చవక ప్యాడ్లలో చాలావాటికి మధ్యలో "అనలాగ్" లేదా "మోడ్" అనే బటన్, పక్కన చిన్న ఎర్ర లైటు ఉంటాయి. లైటు ఆరి ఉన్నప్పుడు బాణం బటన్లు స్టిక్ కదిపినట్టుగా సంకేతం పంపుతాయి. వెలిగినప్పుడు అవే బాణాలు వేరే రకం సంకేతం, హ్యాట్ అంటారు, పంపుతాయి. లైటు వెలిగించి ప్రొఫైల్ చేసుకుని, మర్నాడు లైటు ఆరిన ప్యాడ్‌తో ఆడితే బాణాలు పనిచేయవు. "నిన్న బాగానే ఉంది కదా" అని ప్రొఫైల్ ఫైలును తిట్టుకుంటాం. ఏదో ఒక మోడ్ ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి.

ప్యాడ్‌కు ఎక్స్‌ఇన్‌పుట్, డీఇన్‌పుట్ (డైరెక్ట్‌ఇన్‌పుట్) అని విండోస్‌తో మాట్లాడే రెండు మోడ్లు ఉంటే, విండోస్‌లో ఎక్స్‌ఇన్‌పుటే వాడమని నా సలహా. అందులో బటన్ల వరుస ముందే ఖరారై ఉంటుంది కాబట్టి ఏ కంపెనీ ప్యాడైనా ఒకే ప్రొఫైల్‌తో నడిచిపోతుంది. 4 ప్యాడ్లకు మించి పట్టదు, కానీ ఇంట్లో అంతకంటే ఎక్కువ మంది ఎలాగూ ఆడరు.

రెండో మెట్టు: ప్యాడ్ పెట్టగానే వచ్చే మెసేజ్ చదవండి

రెట్రోఆర్చ్ తెరిచి ఉండగా ప్యాడ్ తగిలిస్తే తెర అంచున ఒక చిన్న మెసేజ్ వచ్చి పోతుంది. మనం దాన్ని పట్టించుకోం. కానీ సగం సమాచారం అందులోనే ఉంది.

మీ ప్యాడ్ పేరుతో "పోర్ట్ 1లో కాన్ఫిగర్ అయింది" అని వస్తే ప్రొఫైల్ దొరికినట్టు (పోర్ట్ 1 అంటే మొదటి ఆటగాడి స్థానం). "కాన్ఫిగర్ కాలేదు" అని వస్తే దొరకనట్టు. వీటికంటే చిక్కు మూడోది: కాన్ఫిగర్ అయిందనే వస్తుంది, కానీ వేరే ప్యాడ్ పేరుతో. మా వాడి ప్యాడ్‌కు జరిగింది ఇదే.

ప్రతి యూఎస్‌బీ పరికరానికీ రెండు గుర్తింపు నంబర్లు ఉంటాయి. ఒకటి తయారీదారుది, ఇంకోటి ఆ మోడల్‌ది. ప్యాడ్ పేరుతో పాటు ఈ రెండింటినీ చూసే రెట్రోఆర్చ్ ప్రొఫైల్‌ను వెతుక్కుంటుంది. పెద్ద కంపెనీల విషయంలో ఇబ్బంది లేదు. బజార్లో దొరికే చవక ప్యాడ్లలో మాత్రం పైన బ్రాండ్ పేరు ఏదున్నా లోపల చాలాసార్లు డ్రాగన్‌రైజ్ అనే చిప్పే ఉంటుంది, నంబర్లు 0079, 0006. ఆ చిప్పుకు బటన్ల వైర్లను ఒక్కో ఫ్యాక్టరీ ఒక్కోలా కలుపుతుంది. అంటే ఒకే ఆధార్ నంబర్‌తో పదిమంది తిరుగుతున్నట్టు. మొదట ఎవరో తన ప్యాడ్ కోసం రాసిన ప్రొఫైల్ మీ ప్యాడ్‌కు అంటుకుంటుంది, బటన్లు ఎక్కడివక్కడ గల్లంతవుతాయి.

మీ ప్యాడ్ నంబర్లు తెలుసుకోవాలంటే విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, ప్యాడ్ ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఐడీ, పీఐడీ అన్న అక్షరాల పక్కన ఉంటాయి. లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చాలు. ఒక్క మెలిక: అక్కడ కనిపించేవి హెక్సాడెసిమల్ అంకెలు, ప్రొఫైల్ ఫైలులో రాసేవి మామూలు దశాంశ అంకెలు. 0079 అంటే ఫైలులో 121. మైక్రోసాఫ్ట్ నంబర్ 045ఈ అంటే 1118. ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్ నంబర్ 028ఈ అంటే 654. విండోస్ క్యాలిక్యులేటర్‌ను ప్రోగ్రామర్ మోడ్‌లో పెడితే మార్చి చూపిస్తుంది. ఈ మార్పిడి మర్చిపోయి 0079ని 79గా రాసి, ప్రొఫైల్ ఎందుకు దొరకట్లేదని నేను గంటసేపు జుట్టు పీక్కున్నాను.

మూడో మెట్టు: లోపం ఏ అంచెలో ఉందో తేల్చండి

దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. గేమ్ ఏదీ తెరవకుండా రెట్రోఆర్చ్ మెనూలోనే ప్యాడ్‌తో తిరగండి. మెనూకు కంట్రోలర్ ప్రొఫైల్‌తోనే పని, రీమ్యాప్‌తో సంబంధం లేదు. కాబట్టి మెనూలోనే బాణాలు అడ్డదిడ్డంగా వెళ్తుంటే లోపం ప్రొఫైల్‌లో ఉంది. మెనూ చక్కగా నడిచి, ఒక కన్సోల్ గేములన్నీ తేడాగా ఉంటే ఆ కోర్ రీమ్యాప్‌ను అనుమానించండి. ఒక్క గేమ్‌లోనే తేడా అయితే ఆ గేమ్ పేరుతో ఎప్పుడో సేవ్ చేసిన రీమ్యాప్ ఉండి ఉంటుంది, లేదా ఆ గేమ్‌కు కావాల్సిన ప్యాడ్ రకం వేరు.

మెనూలో ఓకే, క్యాన్సిల్ మాత్రమే తిరగబడి ఉంటే మాత్రం పైవేవీ కాదు. జపాన్ పద్ధతిలో కుడి బటన్ ఓకే, అమెరికా పద్ధతిలో కింది బటన్ ఓకే. ఇన్‌పుట్ సెట్టింగ్స్‌లోని మెనూ కంట్రోల్స్‌లో ఓకే-క్యాన్సిల్ తారుమారు చేసే స్విచ్ ఉంది. దాన్ని మార్చండి, ప్రొఫైల్ జోలికి వెళ్లకండి. దీన్ని ప్రొఫైల్‌లో సరిచేసినవాళ్లకు మెనూ బాగుపడుతుంది, గేములన్నీ చెడతాయి.

ఏదైనా మార్చేముందు మూడింటిని కాపీ చేసి పక్కన పెట్టుకోండి: రెట్రోఆర్చ్ ప్రధాన కాన్ఫిగ్ ఫైలు, ఆటోకాన్ఫిగ్ ఫోల్డర్, కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఉండే రీమ్యాప్స్ ఫోల్డర్. ఇవన్నీ చిన్న టెక్స్ట్ ఫైళ్లే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి.

నాలుగో మెట్టు: ప్రొఫైల్‌ను సరిచేయడం

ముందు సులువైన మందు. మెయిన్ మెనూలో ఆన్‌లైన్ అప్‌డేటర్‌కు వెళ్లి కంట్రోలర్ ప్రొఫైల్స్‌ను అప్‌డేట్ చేయండి. పేరున్న ప్యాడైతే దీంతోనే దారికొచ్చే అవకాశం ఎక్కువ.

కాకపోతే సెట్టింగ్స్‌లో డ్రైవర్స్‌కు వెళ్లి కంట్రోలర్ డ్రైవర్ ఏముందో చూడండి. విండోస్‌లో ఎక్స్‌ఇన్‌పుట్, డీఇన్‌పుట్, ఎస్‌డీఎల్2 ఉంటాయి. లినక్స్‌లో యూడెవ్, లినక్స్‌రా, ఎస్‌డీఎల్2. ఆటోకాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒక్కో డ్రైవర్‌కు ఒక్కో సబ్‌ఫోల్డర్ ఉంటుంది. ఒకే ప్యాడ్‌లోని ఒకే బటన్ ఒక డ్రైవర్‌కు 0, ఇంకో డ్రైవర్‌కు 2 కావచ్చు. డీఇన్‌పుట్‌లో ఉండగా చేసుకున్న ప్రొఫైల్ ఎస్‌డీఎల్2కు మారగానే కనిపించదు. ఏ వీడియోలోనో చూసి డ్రైవర్ మార్చి, తర్వాత ఆ సంగతే మర్చిపోయినవాళ్లకు ఇది తరచూ తగిలే దెబ్బ.

ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌తో కారు గేమ్ ఆడుతుంటే యాక్సిలరేటర్, బ్రేకు రెండూ కలిపి నొక్కినప్పుడు రెండూ పనిచేయకుండా పోతున్నాయా? అదీ డ్రైవర్ సంగతే. డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో ఆ రెండు ట్రిగ్గర్లూ ఒకే యాక్సిస్ మీద చెరోవైపు లాగుతాయి. రెండూ నొక్కితే కూడి సున్నా అవుతుంది. ఎక్స్‌ఇన్‌పుట్‌కు మారితే విడివిడిగా వస్తాయి.

ఇక సొంతంగా ప్రొఫైల్ చేసుకోవడం. సెట్టింగ్స్, ఇన్‌పుట్, పోర్ట్ 1 కంట్రోల్స్ అనే దారిలో వెళ్లండి. ముందు "రీసెట్ టు డిఫాల్ట్ కంట్రోల్స్" నొక్కి పాత చెత్త తుడవండి. తర్వాత "సెట్ ఆల్ కంట్రోల్స్" నొక్కితే ఒక్కో బటన్ పేరూ వరుసగా అడుగుతుంది. స్థానం చూసి నొక్కాలన్న మాట మరవకండి. మీ ప్యాడ్‌లో లేని బటన్ అడిగితే చేతులు కట్టుకుని కూర్చోండి, కొన్ని సెకన్లకు అదే దాటిపోతుంది. అయ్యాక "సేవ్ కంట్రోలర్ ప్రొఫైల్" నొక్కండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంకో పని మిగిలే ఉంది. మీరు చేత్తో నొక్కి సెట్ చేసిన బటన్లు ప్రొఫైల్‌లోకి వెళ్లడంతో పాటు ప్రధాన కాన్ఫిగ్ ఫైలులో పోర్ట్ 1 పేరు మీద కూడా ఉండిపోతాయి. ఆ చేతి సెట్టింగ్‌దే పైచేయి. అది ఉండగా ఆటోకాన్ఫిగ్ మాట చెల్లదు. రేపు వేరే ప్యాడ్ తగిలిస్తే, దానికి చక్కని ప్రొఫైల్ ఉన్నా సరే, ఈ పాత ప్యాడ్ నంబర్లే దాని నెత్తిన కూర్చుంటాయి. కాబట్టి ప్రొఫైల్ సేవ్ అయ్యాక మళ్లీ "రీసెట్ టు డిఫాల్ట్ కంట్రోల్స్" నొక్కి, ప్యాడ్ తీసి మళ్లీ తగిలించండి. ఇప్పుడు అది ప్రొఫైల్ మీదే నడుస్తుంది. నడవకపోతే ప్రొఫైల్ సరిగా సేవ్ కానట్టే.

రెండు బటన్లే తారుమారైతే ఇదంతా అక్కర్లేదు. ఆటోకాన్ఫిగ్ ఫోల్డర్‌లో మీ డ్రైవర్ పేరున్న సబ్‌ఫోల్డర్‌లో ఆ ఫైలు తెరవండి. పైన ప్యాడ్ పేరు, రెండు గుర్తింపు నంబర్లు ఉంటాయి. కింద ఒక్కో బటన్‌కు ఒక్కో లైను. మా వాడి ప్యాడ్‌లో బీ లైను దగ్గర "1" అని, ఏ లైను దగ్గర "2" అని ఉంది. ఆ రెండు అంకెలూ అటుదిటు చేసి, స్టార్ట్ లైను కూడా సరిచేశాను. బాణాల లైన్లలో "హెచ్0" అని మొదలయ్యే విలువ ఉంటే అది హ్యాట్. ప్లస్, మైనస్ గుర్తులతో ఉంటే యాక్సిస్, అంటే స్టిక్ కదిపినట్టుగా పంపే సంకేతం. ఇందాక చెప్పిన ఎర్ర లైటు గొడవ ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది. మార్చాక ఫైలుకు వేరే పేరు పెట్టి, అవే నంబర్లున్న పాత ఫైలును ఫోల్డర్‌లోంచి తీసేయండి. మీది మరోచోట కాపీ ఉంచుకోండి. తర్వాత ఎప్పుడు ప్రొఫైల్స్ అప్‌డేట్ చేసినా పాత ఫైలు తిరిగి వస్తుంది, మళ్లీ తీసేయాలి. కొంచెం చికాకే, తప్పదు.

ఐదో మెట్టు: రీమ్యాప్‌లు

మా చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ ప్యాడ్‌లో రెండే బటన్లు, ఎడమ బీ, కుడి ఏ. పైన వాటికే టర్బో జత. కాంట్రాలో బీ తుపాకీ, ఏ గెంతు. రెట్రోఆర్చ్ మామూలుగా వీటిని రెట్రోప్యాడ్ బీ, ఏ లకే కడుతుంది. అంటే కింది బటన్ తుపాకీ, కుడి బటన్ గెంతు. తప్పేం లేదు గానీ ముప్పై ఏళ్ల అలవాటున్న బొటనవేలు ఒప్పుకోదు. నాకు ఎడమ బటన్ తుపాకీ, కింది బటన్ గెంతు కావాలి. రీమ్యాప్ ఉన్నది సరిగ్గా ఇలాంటి సొంత ఇష్టాల కోసమే, చెడిన ప్రొఫైల్‌కు అతుకు వేయడానికి కాదు.

గేమ్ నడుస్తుండగా క్విక్ మెనూ, కంట్రోల్స్, పోర్ట్ 1 కంట్రోల్స్ అనే దారిలో వెళ్తే ఎడమవైపు రెట్రోప్యాడ్ బటన్లు, కుడివైపు అవి చేసే పని కనిపిస్తాయి. వై బటన్ ఎదురుగా బీ, బీ బటన్ ఎదురుగా ఏ పెట్టాను. తర్వాత ఒక మెట్టు వెనక్కి వచ్చి "మేనేజ్ రీమ్యాప్ ఫైల్స్"లో సేవ్ చేయాలి. అక్కడ మూడు రకాలు: కోర్ మొత్తానికి, ఆ ఫోల్డర్‌లోని గేములకు, ఆ ఒక్క గేమ్‌కు. గేమ్ రీమ్యాప్ ఉంటే అదే నెగ్గుతుంది. లేకపోతే ఫోల్డర్‌ది, అదీ లేకపోతే కోర్‌ది. నేను కోర్‌కే సేవ్ చేశాను, అలవాటు అన్ని గేములకూ ఒకటే కాబట్టి.

కోర్ రీమ్యాప్ మార్చినా ఒక గేమ్‌లో మార్పు రావట్లేదంటే దాని పేరుతో పాత రీమ్యాప్ ఫైలు దాక్కుని ఉంది. రీమ్యాప్స్ ఫోల్డర్‌లో కోర్ పేరున్న ఫోల్డర్ తెరిచి, ఆ గేమ్ పేరుతో ఉన్న ఫైలు తీసేయండి. మెనూలోంచి తీసేసే వీలూ ఉంది. ఒక కోర్‌కు చేసిన రీమ్యాప్ ఇంకో కోర్‌కు వర్తించదు. ఎఫ్‌సీఈయూఎంఎంలో చేసుకుని నెస్టోపియాలో వెతికితే ఉండదు.

కన్సోల్‌ను బట్టి వచ్చే పేచీలు

ప్లేస్టేషన్ గేమ్‌లో స్టిక్ పనిచేయట్లేదంటే వెంటనే ప్రొఫైల్‌ను అనుమానించకండి. 1994లో ప్లేస్టేషన్ వచ్చినప్పుడు దాని ప్యాడ్‌కు స్టిక్కులే లేవు. డ్యూయల్‌షాక్ వచ్చింది 1997లో. అంతకుముందు తయారైన చాలా గేములకు స్టిక్ అంటే ఏమిటో తెలియదు. వాటికి పోర్ట్ 1 కంట్రోల్స్‌లో "అనలాగ్ టు డిజిటల్ టైప్"ను లెఫ్ట్ అనలాగ్‌గా పెట్టండి, స్టిక్ కదిపితే బాణాలు నొక్కినట్టవుతుంది. స్టిక్ తెలిసిన గేములకు అదే మెనూలో డివైస్ టైప్‌ను డ్యూయల్‌షాక్‌గా మార్చండి.

సెగా మెగాడ్రైవ్‌కు మొదట 3 బటన్ల ప్యాడ్, 1993లో 6 బటన్లది వచ్చాయి. కొన్ని పాత గేములు 6 బటన్ల ప్యాడ్‌ను చూసి బెదిరిపోతాయి. ఆ ఒక్క గేమ్‌కు డివైస్ టైప్‌ను 3 బటన్లకు మార్చి గేమ్ రీమ్యాప్‌గా సేవ్ చేస్తే చాలు. నింటెండో 64లో సీ బటన్లు కనబడట్లేదని వెతుకుతుంటే కుడి స్టిక్ కదిపి చూడండి.

ఒక నొక్కుకు రెండు దెబ్బలు

మెనూలో ఒకసారి కిందికి నొక్కితే రెండు లైన్లు దిగుతోందంటే ఒకే ప్యాడ్ రెండుగా కనిపిస్తూ ఉండొచ్చు. గేములు అమ్మే స్టీమ్ ప్రోగ్రామ్ వెనకాల నడుస్తుంటే దాని స్టీమ్ ఇన్‌పుట్ అసలు ప్యాడ్ పక్కన ఒక నకిలీ ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌ను సృష్టించవచ్చు. ప్లేస్టేషన్ ప్యాడ్ల కోసం వాడే డీఎస్4విండోస్ చేసేదీ అదే. స్టీమ్‌లో రెట్రోఆర్చ్‌కు స్టీమ్ ఇన్‌పుట్ ఆపేయండి, లేదా అసలు ప్యాడ్‌ను హిడ్‌హైడ్ అనే ప్రోగ్రామ్‌తో దాచండి.

బ్లూటూత్ ప్యాడ్ మధ్యలో తెగి మళ్లీ కలిస్తే పోర్ట్ 2లో కూర్చోవచ్చు. అప్పుడు బటన్లు చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. పోర్ట్ 1లో డివైస్ ఇండెక్స్ మార్చి చూడండి. కీబోర్డు షార్ట్‌కట్లు హఠాత్తుగా పనిచేయకపోతే పొరపాటున స్క్రోల్ లాక్ నొక్కి గేమ్ ఫోకస్‌లోకి (కీబోర్డు మొత్తం గేమ్‌కే వెళ్లే మోడ్) వెళ్లారేమో చూడండి, లేదా ఎనేబుల్ హాట్‌కీకి ఏదో బటన్ అంటగట్టి ఉంటుంది. అది పట్టుకుని ఉంటేనే మిగతావి పనిచేస్తాయి.

ఇవేవీ కాకపోతే సెట్టింగ్స్‌లో లాగింగ్ ఆన్ చేసి, లాగ్‌ను ఫైలులోకి మళ్లించి, ప్యాడ్ తగిలించండి. ఆ ఫైలులో "ఆటోకాన్ఫ్" అన్న మాట కోసం వెతికితే ప్యాడ్‌ను రెట్రోఆర్చ్ ఏ పేరుతో, ఏ నంబర్లతో చూసిందో ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది.

మా వాడు హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఈ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. రీమ్యాప్ ఫైలు అక్కడా అలాగే పనిచేసింది, ఎందుకంటే అందులో ఉన్నది రెట్రోప్యాడ్ లెక్కే. ప్రొఫైల్ ఫైలు మాత్రం పనికిరాలేదు. డ్రైవర్ వేరు, అంకెలు వేరు. ఫోన్‌లో చెబుతుంటే వాడే కూర్చుని కొత్తది చేసుకున్నాడు, పది నిమిషాలు పట్టింది.